నెల్లూరు, ప్రకాశం ఎండల్లో ఘాటైన పండు–చెక్క పెర్ఫ్యూమ్ ఎలా వేసుకోవాలి?

పండు వాసనతో గుప్పుమని మొదలై, సాయంత్రానికి ఎండు చెక్క వాసనగా మిగిలే పెర్ఫ్యూమ్‌లు మన ఎండలకు పనికిరావని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. పనికొస్తాయి, బాగా పనికొస్తాయి. కాకపోతే చలిదేశంలో వేసుకునే పద్ధతి వేరు, మే నెలలో కావలిలోనో ఒంగోలులోనో వేసుకునే పద్ధతి వేరు. మన దగ్గర పండు వాసన తొందరగా ఎగిరిపోతుంది. ఎగిరేటప్పుడు మాత్రం చుట్టుపక్కలంతా తెలిసేలా ఎగురుతుంది. ఆ తర్వాత రోజంతా మీతో ఉండేది చెక్క వాసనే. కాబట్టి సీసా కొనాలా వద్దా అన్నది చెక్క వాసనను బట్టి తేల్చుకోండి. ఎన్ని స్ప్రేలు కొట్టాలన్నది పండు వాసనను బట్టి తేల్చుకోండి. కింద చెప్పేదంతా ఈ రెండు మాటల మీదే నడుస్తుంది.

ముందు ఏం కొంటున్నారో తెలుసుకోండి

ఇక్కడ నేను ఎక్కువగా చెప్పేది నీష్ పెర్ఫ్యూమ్‌ల గురించి. నీష్ పెర్ఫ్యూమ్‌లంటే సెంట్లు చేయడమే పనిగా పెట్టుకున్న చిన్న సంస్థలు తయారుచేసేవి. ఫ్రాన్స్‌లో 1976లో మొదలైన లార్టిజాన్ పర్ఫ్యూమర్, 2000లో వచ్చిన ఫ్రెడెరిక్ మాల్, 2009లో వచ్చిన మేజాన్ ఫ్రాన్సిస్ కుర్క్‌జాన్ ఈ కోవలోవి. తర్వాత వీటిలో కొన్ని పెద్ద కంపెనీల చేతికి వెళ్లాయి. ఇదే కోవకు చెందిన క్రీడ్‌ను కూడా 2023లో ఫ్రాన్స్‌ లగ్జరీ కంపెనీ కెరింగ్ కొనేసింది. అయినా అందరికీ నచ్చాలని వాసనను మెత్తబరచకుండా, అనుకున్నది గట్టిగా చెప్పే అలవాటు వీటికి ఇంకా ఉంది. ధర కూడా అలాగే ఉంటుంది. 100 మిల్లీలీటర్ల సీసా 20,000 రూపాయలు దాటడం మామూలే.

పండునూ చెక్కనూ కలిపిన పెర్ఫ్యూమ్‌లలో దారి చూపించింది 1992లో జపాన్ కంపెనీ షిసైడో తెచ్చిన ఫెమినితె ద్యు బ్వా. అందులో ప్లమ్ పండు, దేవదారు చెక్క కలిసి ఉంటాయి. 2010లో వచ్చిన క్రీడ్ అవెంటస్ పైనాపిల్, బ్లాక్‌కరెంట్, కాలిన బర్చ్ చెక్క వాసనలతో ఈ రకాన్ని మగవాళ్లలో బాగా పాపులర్ చేసింది. టర్కీకి చెందిన నిషానే వాళ్ల హాజివాట్ కూడా పైనాపిల్‌తో మొదలై చెక్క, నాచు వాసనల్లోకి దిగుతుంది. పేర్లన్నీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఎక్కడైనా వివరాలు చదివేటప్పుడు పండు ఏది, చెక్క ఏది అని రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

పండు ఏదన్నది మన వాతావరణంలో చాలా ముఖ్యం. పెర్ఫ్యూమ్‌లోని పండు వాసన దాదాపు ఎప్పుడూ పండ్లలోంచి తీసింది కాదు. పైనాపిల్ రసాన్నో పియర్ రసాన్నో బట్టీలో కాచి సెంటు తీయడం కుదరదు కాబట్టి ఆ వాసననిచ్చే అణువులను ల్యాబులో తయారుచేస్తారు. పైనాపిల్, పియర్, యాపిల్ వాసనలనిచ్చేవి చాలావరకు తేలికైన అణువులు. ఒంటి వేడి తగలగానే లేచిపోతాయి. పీచ్ వాసనకు వాడే అణువు వేరు. 1908లో కనిపెట్టిన ఆ పదార్థం కాస్త బరువైనది, చర్మం మీద గంటల తరబడి ఉంటుంది. ప్లమ్, ఆప్రికాట్, ఎండు పండ్ల ధోరణిలో ఉండేవి కూడా అంతే. నెల్లూరులో ఉంటూ పండు వాసన కాస్త ఎక్కువసేపు ఉండాలనుకునేవాళ్లు పైనాపిల్ కంటే ప్లమ్, పీచ్ వైపు చూడడం మంచిదని నా అభిప్రాయం. ఎండు పండు వాసనకు దవనం నూనె కూడా వాడతారు. మన పూలదండల్లో మరువంతో పాటు కట్టే ఆ దవనమే.

ఇక చెక్కల సంగతి. శ్రీగంధం, దేవదారు, వట్టివేళ్లు, పచౌలి అనే ఆకు, అగరు, వీటికి తోడు ల్యాబులో పుట్టిన చెక్క వాసనలు ఉంటాయి. 1970ల నుంచి వాడుకలో ఉన్న ఐసో ఇ సూపర్ అలాంటిదే. ఒక్క పొరపాటు మాట మన జిల్లాల్లో బాగా వినిపిస్తుంది కాబట్టి ఇక్కడే చెబుతాను. రాపూరు, ఉదయగిరి అడవుల్లో పెరిగే ఎర్రచందనానికి సువాసన దాదాపు లేదు. దాని విలువంతా రంగులోనూ చేవలోనూ ఉంది. పెర్ఫ్యూమ్ వివరాల్లో చందనం అని ఉంటే అది శ్రీగంధం. ఎర్రచందనం సెంటని చెప్పి ఎవరైనా అమ్మితే కొనకండి.

ముక్కును సిద్ధం చేసుకోండి

సీసా వాసన చూసే ముందు ఇంట్లో దొరికే వాటితోనే మొదలుపెట్టండి. సానరాయి మీద గంధపు చెక్కను రెండు చుక్కల నీళ్లతో అరగదీసి, ఆ ముద్దను ముంజేతికి రాసుకుని అరగంట తర్వాత చూడండి. పాలలాంటి మెత్తని తియ్యదనం తెలుస్తుంది. వట్టివేళ్ల తడికను నీళ్లతో తడిపినప్పుడు వచ్చేది మట్టి, వేరు కలిసిన చల్లని చెక్క వాసన. అగరు, దేవదారు వాసనలు ధూపం పుల్లల్లో కొంతవరకు దొరుకుతాయి గానీ వాటిలో పొగ కలుస్తుంది. పండు కోసం ఉలవపాడు మామిడిని పండ్ల సీజన్లో తొడిమ దగ్గర వాసన చూడండి. అక్కడ తీపి ఒక్కటే ఉండదు. జీడి ఘాటు, కాస్త పచ్చి ఆకు వాసన కూడా ఉంటాయి. మంచి నీష్ పెర్ఫ్యూమ్‌లో పండు అలాగే ఉండాలి. చాక్లెట్ కాగితంలా తీపి మాత్రమే ఉంటే మన వేడిలో అది గంటకే మొహం మొత్తుతుంది.

సీసా కొనకండి, ముందు డికాంట్ తెప్పించుకోండి

పెద్ద సీసాలోంచి చిన్న స్ప్రే బాటిల్‌లోకి తీసి అమ్మేదాన్ని డికాంట్ అంటారు. 2 మిల్లీలీటర్లు, 5 మిల్లీలీటర్ల సైజుల్లో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఒక స్ప్రేకి సుమారు 0.1 మిల్లీలీటరు ఖర్చవుతుంది, అంటే 5 మిల్లీలీటర్లకు దాదాపు యాభై స్ప్రేలు వస్తాయి. ఒక పెర్ఫ్యూమ్ మీకు సరిపడుతుందో లేదో తేల్చుకోవడానికి అది చాలా ఎక్కువ. పెర్ఫ్యూమ్‌లో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి కొరియర్ వాళ్లు తరచూ రోడ్డు మార్గంలోనే పంపుతారు. ఆలస్యమైతే కంగారు పడొద్దు. మే నెలలో వచ్చిన పార్సిల్‌ను విప్పగానే కొట్టుకోకుండా రెండు మూడు రోజులు నీడలో ఉంచి అప్పుడు వాడండి.

ఏదో పని మీద చెన్నై వెళ్తే మాల్స్‌లో టెస్టర్లు ఉంటాయి. వెళ్లినప్పుడు చూడండి, కానీ అక్కడే డబ్బు కట్టేయకండి. షాపులో ఏసీ చల్లదనం ఉంటుంది, పైగా అక్కడ మీకు తెలిసేది మొదటి పది నిమిషాలే. ఆ పది నిమిషాలు పండువి. సేల్స్ వాళ్లు కాఫీ గింజలు వాసన చూడమంటారు. దానికంటే మీ మోచేతి మడతలో, సెంటు తగలని చోట, మీ ఒంటి వాసనే ఒకసారి పీల్చుకోండి. ముక్కు తేరుకుంటుంది. ఒకే రోజు మూడింటికి మించి చూడొద్దు.

బడ్జెట్ తక్కువైతే ఇదే రకంలో తక్కువ ధరకు, సొంత పేరుతో అమ్మే దుబాయ్ కంపెనీల పెర్ఫ్యూమ్‌లు ఉన్నాయి. అర్మాఫ్ క్లబ్ డి నుయి ఇంటెన్స్ మ్యాన్ అవెంటస్ బాటలో చేసిందేనని అందరికీ తెలుసు. దాన్ని వేసుకోవడంలో తప్పేమీ లేదు, ఈ రకం మీకు నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి అది చక్కటి మార్గం. క్రీడ్ పేరునే అంటించి 800 రూపాయలకు అమ్మే నకిలీ సీసా జోలికి మాత్రం పోకండి. అందులో ఏం కలిపారో ఎవరికీ తెలియదు, అది మీ చర్మం మీదికి వెళ్తుంది.

పరీక్ష రోజు

ఆదివారం పెట్టుకోండి. ముందు రోజు మోచేతి లోపలి వైపు ఒక్క స్ప్రే కొట్టి, 24 గంటల్లో దురద, ఎర్రదనం రాలేదని చూసుకోండి. మర్నాడు స్నానం చేసి, ఒళ్లు బాగా ఆరాక, వాసన లేని మాయిశ్చరైజర్ గానీ కాస్త వాజ్‌లైన్ గానీ రాసుకుని దాని మీద ఒకటే స్ప్రే కొట్టండి. పొడి చర్మం మీద సెంటు తొందరగా పోతుంది, తేమ ఉన్న చర్మం మీద నిలుస్తుంది. కొబ్బరినూనె వద్దు, దాని వాసన పండు వాసనతో కలిసి మిఠాయి కొట్టులా అయిపోతుంది. ఘాటు వాసన ఉన్న టాల్కమ్ పౌడర్ కూడా ఆ రోజుకు పక్కన పెట్టండి. గంధం సబ్బుతో స్నానం చేస్తే ఇబ్బంది లేదు, చివర్లో వచ్చే చెక్క వాసనకు అది తోడవుతుంది.

మొదటి రెండు నిమిషాలు లెక్కలోకి రావు, అదంతా ఆల్కహాల్. తర్వాత ఓ అరగంట పండు రాజ్యం. ఇక్కడే చాలామంది పడిపోతారు. పైనాపిలో, చెర్రీయో, ప్లమో గది నిండా పరుచుకుంటుంది, పక్క గదిలో ఉన్నవాళ్లు కూడా వచ్చి అడుగుతారు. ఆ సంతోషాన్ని పూర్తిగా అనుభవించండి, కానీ నిర్ణయం మాత్రం తీసుకోకండి. గంట దాటాక పండు పలచబడుతూ చెక్క పైకి రావడం మొదలవుతుంది. ఈ మలుపు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. బాగా చేసిన పెర్ఫ్యూమ్‌లో పండు ఎప్పుడు పోయిందో తెలియదు. తీపి తగ్గి పులుపు, పులుపు తగ్గి పొగ, పొగ తగ్గి ఎండు చెక్క, ఇలా ఒకదాని భుజం మీద చెయ్యేసుకుని ఇంకొకటి వస్తుంది. సరిగ్గా చేయని దాంట్లో పండు ఠక్కున ఆగిపోయి, మధ్యలో ఖాళీ వచ్చి, తర్వాత కొత్త ప్లైవుడ్ లాంటి గరుకు వాసన ఒకటి తలనొప్పి తెస్తుంది.

నాలుగో గంటలో చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకోండి. అప్పుడున్న వాసన మీకు నచ్చిందా? ఇంకో ఆరు గంటలు దాంతో ఉండగలరా? ఉండగలనని అనిపిస్తేనే సీసా గురించి ఆలోచించండి.

ఇంకో సంగతి. కాసేపటికి మీ వాసన మీకే తెలియడం మానేస్తుంది. ముక్కు అలవాటు పడిపోతుంది. దీనికి తోడు కొన్ని చెక్క అణువులు కొందరి ముక్కుకు అసలు అందవు. సెంటు పోయిందనుకుని మళ్లీ కొట్టుకునే ముందు అక్కనో వదిననో చెయ్యి చాపినంత దూరంలో నిలబెట్టి అడగండి. "ఇంకా ఉందబ్బా, బాగానే వస్తా ఉంది" అంటే ఆగిపోండి. "ఏందబ్బా ఇంత ఘాటు!" అంటే ఈసారికి సగం తగ్గించండి. ఇంట్లోవాళ్ల మాటను మించిన కొలత లేదు.

ఇలా ఒకసారి ఏసీ గదిలో, ఇంకోసారి సాయంత్రం ట్రంకు రోడ్డు వైపు నడిచి వచ్చి చూడండి. ఒకే పెర్ఫ్యూమ్ రెండు రకాలుగా ఉంటుంది.

ఎక్కడ కొట్టుకోవాలి

మణికట్లకు కొట్టుకోమని అందరూ చెబుతారు. మనం చేత్తో అన్నం తినేవాళ్లం. కుడి మణికట్టు మీద పెర్ఫ్యూమ్ ఉంటే ముద్ద ముద్దకీ అది ముక్కు దగ్గరికి వస్తుంది. చేపల పులుసులో మామిడికాయ పులుపు తెలియాల్సిన చోట పైనాపిల్, దేవదారు తెలిస్తే భోజనం పాడైనట్టే. కాబట్టి కుడి చేతికి వద్దు. ఎడమ మోచేతి మడతలో ఒకటి, చొక్కా లోపల రొమ్ము మీద ఒకటి, లేదా మెడ వెనక జుట్టు కింద ఒకటి. బట్ట కిందున్న స్ప్రే నెమ్మదిగా, కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. ఘాటైన పెర్ఫ్యూమ్‌ను మన వేడిలో అదుపులో పెట్టే మంచి ఉపాయం ఇదే.

కొట్టుకున్నాక చేతులు రుద్దుకోకండి. రాపిడి వేడికి పండు ఇంకా తొందరగా పోతుంది. ఎండ నేరుగా తగిలే మెడ ముందు భాగానికి, ముఖానికి వద్దు. నిమ్మజాతి నూనెలు కొన్ని ఎండలో చర్మాన్ని కమిలేలా చేస్తాయి. ముత్యాలు, వన్ గ్రాం గోల్డ్ నగలు సెంటు ఆరాక పెట్టుకోండి, ఆల్కహాల్‌కు వాటి మెరుపు పోతుంది. వెంకటగిరి జరీ చీర మీద, పట్టు మీద నేరుగా కొట్టొద్దు, రంగున్న సెంటైతే మచ్చ పడుతుంది. కాటన్ చొక్కా లోపలి అంచు మీద ఒక స్ప్రే ఫర్వాలేదు. బట్ట మీద పండు వాసన ఒంటి మీద కంటే ఎక్కువసేపు నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ ఒంటి వేడి తక్కువ.

దీపారాధన దగ్గర, స్టవ్ దగ్గర కొట్టుకోవద్దు. ఆల్కహాల్ మండుతుంది.

ఎన్ని స్ప్రేలు

సీసా మీద ఓ ద పర్ఫ్యూమ్ అని ఉంటే సాధారణంగా అందులో సుగంధ ద్రవ్యం 15 నుంచి 20 శాతం ఉంటుంది. ఎక్స్‌ట్రే అని ఉంటే ఇంకా చిక్కన. చలిదేశాల వాళ్లు ఐదారు స్ప్రేలు చెబుతారు. మన లెక్క వేరు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగలు ఒకటి, బట్ట లోపల. రెండోది కావాలంటే సాయంత్రం స్నానం అయ్యాక. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం వైపు గాలిలో తేమ ఎక్కువ. అక్కడ పండు, చెమట కలిసి బరువుగా అనిపిస్తాయి, కాబట్టి ఆ ఒక్కటి కూడా బయలుదేరడానికి అరగంట ముందు కొట్టుకుంటే పండు ఉధృతి ఇంట్లోనే తగ్గుతుంది. మార్కాపురం, గిద్దలూరు వైపు పొడి వేడి. అక్కడ వాసన బరువుగా అనిపించదు గానీ తొందరగా ఆరిపోతుంది. రెండు కొట్టుకోవచ్చు, చిన్న డికాంట్ ఒకటి బ్యాగులో ఉంచుకోవచ్చు.

ఈ రకం పెర్ఫ్యూమ్‌కు మన దగ్గర అసలైన కాలం అక్టోబరు చివర మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడి, మట్టి తడిసి, గాలి చల్లబడ్డాక చెక్క వాసన ఎంత లోతుగా ఉంటుందో మాటల్లో చెప్పలేను. డిసెంబరు, జనవరి సాయంత్రాల్లో మూడు స్ప్రేలు ధైర్యంగా వేసుకోండి. ప్లమ్, దేవదారు కలిసిన పెర్ఫ్యూమ్‌ను వాన వెలిసిన సాయంత్రం వేసుకుని బయటికి వెళ్లండి, ఇంత డబ్బు ఎందుకు పెట్టారో అప్పుడు మీకే తెలుస్తుంది.

షేర్ ఆటో, ఆర్టీసీ బస్సు, చిన్న ఏసీ ఆఫీసు గది, ఇలాంటి చోట్లకు ఏ కాలమైనా ఒకటే. ఆసుపత్రికి, పసిపిల్లలున్న ఇంటికి, శ్రీమంతానికి, ఉబ్బసం ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు అసలు వద్దు. కడుపుతో ఉన్నవాళ్లకు ఘాటు వాసనలు కడుపులో తిప్పుతాయి.

ఎక్కువైపోతే నీళ్లతో కడిగితే పోదు. ఆ చోట కాస్త కొబ్బరినూనె రాసి, దూదితో తుడిచి, అప్పుడు సబ్బుతో కడగండి. నూనెలో సుగంధ ద్రవ్యం కరుగుతుంది. బట్ట మీద పడి ఉంటే బట్ట మార్చడమే మార్గం.

పెళ్లికి వెళ్తే

మన పెళ్లిళ్లలో గుమ్మం దగ్గరే గంధం రాసి పన్నీరు చల్లుతారు. లోపల మల్లెలు, అగరొత్తులు, సాంబ్రాణి, వంటల వాసన. అంత మందిలో మీ పెర్ఫ్యూమ్ కొట్టొచ్చినట్టు ఉండాలని ఎక్కువ స్ప్రేలు వేసుకుంటే అన్నీ కలిసి ఎవరికీ ఏదీ తెలియదు. జడలో మల్లెలు పెట్టుకున్నవాళ్లు మెడ వెనక సెంటు కొట్టుకోవద్దు. మల్లెకు సొంత మత్తు ఉంది, పండు తీపి దాని మీద పడితే రెండూ చెడతాయి. ఎడమ చేతికి ఒకటి చాలు. ఇంకా మంచిది, బయలుదేరడానికి రెండు గంటల ముందే కొట్టుకోవడం. అక్కడికి చేరేసరికి చెక్క మాత్రమే మిగిలి, చేతికి రాసిన గంధంతో కలిసిపోతుంది. శ్రీగంధం ఉన్న పెర్ఫ్యూమ్ అయితే ఆ రెండూ కలిసినప్పుడు వచ్చే వాసన ఏ సీసాలోనూ దొరకదు.

నెల్లూరు రొట్టెల పండగ లాంటి జనసమ్మర్దంలోకి వెళ్లేటప్పుడు ఆల్కహాల్ స్ప్రే కంటే ఒక చుక్క అత్తరు హాయిగా ఉంటుంది. నూనె కాబట్టి దగ్గరికి వచ్చినవాళ్లకే తెలుస్తుంది.

దాచుకోవడం

వేడి, వెలుతురు, గాలి, ఈ మూడూ పెర్ఫ్యూమ్‌ను పాడుచేస్తాయి. ముందు పోయేది పండే. పులిసినట్టు, వార్నిష్ లాంటి వాసన మొదట్లో వస్తుంటే పాడవుతోందని అర్థం. సీసాను దాని అట్టపెట్టెలోనే ఉంచి, పడమటి ఎండ తగలని గోడ వైపున్న బీరువా కింది అరలో పెట్టండి. బాత్రూమ్‌లో, డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ముందు, ఎండలో నిలిపిన కారులో, బండి డిక్కీలో వద్దే వద్దు. ఊరెళ్లేటప్పుడు పెద్ద సీసా కాకుండా 5 మిల్లీలీటర్ల బాటిల్‌లోకి తీసుకెళ్లండి. సగానికి పైగా ఖాళీ అయిన సీసాలో గాలి ఎక్కువ చేరుతుంది కాబట్టి, కొత్తది తెరిచే ముందు దాన్ని వాడేయండి.